పెన్నాలో కనిపించే నీళ్లు ఎక్కడివి? నది సొంత నీళ్లు ఎటు పోయాయి?

గండికోట రీల్ ఒక్కటైనా మీ ఫోన్‌లో ప్లే అయ్యే ఉంటుంది. ఎర్రటి రాతి గోడలు, మధ్యలో లోతైన లోయ, అడుగున మెరిసే నీళ్లు, పైనుంచి డ్రోన్ షాట్. కింద కామెంట్లలో 'మన గ్రాండ్ కాన్యన్' అని ఒకటే సందడి. ఆ లోయను కోసింది పెన్నా నదే, డౌట్ లేదు. కానీ లోయకు ఎగువన గండికోట రిజర్వాయర్‌లో ఇప్పుడు కనిపించే నీళ్లలో ఎక్కువ భాగం పెన్నావి కావు. శ్రీశైలం నుంచి కాలువల్లో, సొరంగాల్లో నడిచి వచ్చిన కృష్ణా నీళ్లు.

మరి పెన్నా సొంత నీళ్లు ఏమయ్యాయి? వాన తగ్గిపోయిందా? ఎగువన కర్ణాటక ఆపేసిందా? ఊళ్లో ఎవరిని అడిగినా ఈ రెండింట్లో ఒకటి చెప్తారు. రెండింట్లోనూ కొంత నిజం ఉంది. అసలు కథ మాత్రం మన కాళ్ల కింద, బోరు గుంతలో ఉంది.

ముందు నది సంగతి

పెన్నా కర్ణాటకలోని చిక్కబళ్లాపుర జిల్లా నంది కొండల్లో పుడుతుంది. మొత్తం పొడవు 597 కిలోమీటర్లు. గౌరిబిదనూరు మీదుగా హిందూపురం వైపు ఏపీలోకి వస్తుంది. అక్కడితో అయిపోలేదు. మళ్లీ కర్ణాటకలోకి, పావగడ తాలూకా నాగలమడికె వైపు వెళ్లి, తిరిగి పేరూరు దగ్గర ఏపీలోకి దిగుతుంది. సరిహద్దుతో ఇలా దోబూచులాడుతుంది ఈ నది. ఆ తర్వాత అనంతపురం, కడప జిల్లాలు దాటి, నెల్లూరు దిగువన ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. జయమంగళి, చిత్రావతి, కుందూ, పాపాఘ్ని, సగిలేరు, చెయ్యేరు దీని ఉపనదులు.

బేసిన్ విస్తీర్ణం 55,213 చదరపు కిలోమీటర్లు. అందులో 48,276 ఏపీలో, 6,937 కర్ణాటకలో. అంటే ఇది ఏ రకంగా చూసినా ఏపీ నది. కానీ తల మాత్రం కర్ణాటకలో ఉంది.

ఇప్పుడు ఒక పోలిక చూడండి. కేంద్ర జల సంఘం చాలాకాలంగా వాడుతూ వచ్చిన లెక్కల ప్రకారం కృష్ణా సగటు వార్షిక నీటి లభ్యత 78.12 బిలియన్ ఘనపు మీటర్లు. టీఎంసీల్లో చెప్పాలంటే సుమారు 2,760. గోదావరిది 110.54 బిలియన్, అంటే 3,900 టీఎంసీల పైమాటే. పెన్నాది? 6.32 బిలియన్. అంటే దాదాపు 223 టీఎంసీలు.

పెన్నా బేసిన్ కృష్ణా బేసిన్‌లో ఐదో వంతు ఉంటుంది. నీళ్లు మాత్రం పన్నెండో వంతే. కృష్ణా నీళ్లను దాని బేసిన్ మొత్తం మీద చాపలా పరిస్తే 30 సెంటీమీటర్ల మందం వస్తుంది. పెన్నా నీళ్లను అలాగే పరిస్తే 11 సెంటీమీటర్లు. అంతే.

కారణం భూగోళం. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుంటాయి. ఈశాన్య రుతుపవనాలు నెల్లూరు, కడప దాటేసరికి అలిసిపోతాయి. మధ్యలో మిగిలింది ఉమ్మడి అనంతపురం. సగటు వర్షం 550 మిల్లీమీటర్ల చుట్టూ. అక్కడి ఎండకు మాత్రం ఏడాదిలో అంతకు మూడింతలకు పైనే నీళ్లు ఆవిరి చేసే శక్తి ఉంది. ఇలాంటి చోట నదికి మిగిలేదే తక్కువ. ఆ మిగిలే కాస్తలోంచి మనిషి ఎంత తీసుకున్నా, నది మీద దెబ్బ మిగతా చోట్ల కన్నా గట్టిగా పడుతుంది. గోదావరిలో 20 టీఎంసీలు తీస్తే ఎవరికీ తెలియదు. పెన్నాలో 20 టీఎంసీలు తీస్తే దాదాపు పదో వంతు పోయినట్టు.

బోరు వేస్తే ఏరు ఎందుకు ఎండుతుంది?

చాలామంది నది అంటే పైనుంచి వచ్చే నీళ్లు, బోరు అంటే కిందినుంచి వచ్చే నీళ్లు, రెండింటికీ సంబంధం లేదనుకుంటారు. ప్రభుత్వాలు కూడా చాలాకాలం అలాగే అనుకున్నాయి. నది ఒక శాఖ, భూగర్భ జలం ఇంకో శాఖ, ఫైళ్లు వేరు, లెక్కలు వేరు. నేలకు మాత్రం ఈ శాఖల సంగతి తెలియదు కదా.

వాన పడ్డాక కొంత నీరు వంకల్లో, వాగుల్లో పడి ఏటికి పోతుంది. ఇంకొంత నేలలో ఇంకుతుంది. ఇంకిన నీళ్లలో కొంత మెల్లగా, నెలల తరబడి, ఊటగా వాగులోకి, ఏటిలోకి వస్తుంది. వాన ఆగిపోయిన తర్వాత కూడా ఏరు సన్నగా పారుతోందంటే అది ఊట నీరే. రాయలసీమలో పాతకాలం వాళ్లు ఏటి ఇసుకలో కాలువలు తవ్వి ఆ ఊట నీళ్లను పొలాలకు మళ్లించేవాళ్లు. వాటినే ఊట కాలువలు అనేవాళ్లు. ఎండాకాలంలో ఇసుకలో రెండు చేతులతో చెలమ తీస్తే నీళ్లు ఊరేవి. ఈ మాట ఎవరైనా పెద్దవాళ్లను అడగండి, చెప్తారు.

ఇదంతా జరగాలంటే ఒక షరతు ఉంది. భూగర్భ జలమట్టం ఏటి అడుగు కన్నా పైన ఉండాలి. అప్పుడే నేల నుంచి ఏటికి నీళ్లొస్తాయి. బోర్లతో తోడీ తోడీ జలమట్టం కిందికి పోయిందనుకోండి, సీన్ రివర్స్ అవుతుంది. నేల ఏటికి ఇవ్వడం మానేసి, ఏటి నుంచి లాక్కోవడం మొదలుపెడుతుంది. అప్పుడు వాన పడి వరద వచ్చినా, ఆ మొదటి వరదంతా దాహంతో ఉన్న ఇసుకలోకి దిగిపోతుంది. పైన కురిసిన వానకు కిందికి చేరాల్సిన నీళ్లు చేరవు. 'వాన పడింది కానీ ఏరు పారలేదు' అని ఊళ్లలో అనే మాటకు అర్థం ఇదే. అంటే వాన ఒక్క మిల్లీమీటరు కూడా తగ్గకపోయినా నదిలో ప్రవాహం తగ్గిపోగలదు. తప్పంతా మబ్బుల మీదికి నెట్టేసే ముందు ఈ విషయం గుర్తుంచుకోవాలి.

బోర్ల లెక్క ఎంత ఉంటుందో మనమే వేసుకుందాం. ఒక బోరు సెకనుకు 2 లీటర్లు పోస్తుందనుకోండి. అది పెద్ద ధారేం కాదు. రోజుకు 7 గంటలు, ఏడాదిలో 200 రోజులు ఆడితే కోటి లీటర్లు తోడినట్టు. ఒక టీఎంసీ అంటే సుమారు 2,832 కోట్ల లీటర్లు. అంటే ఇలాంటి 2,800 పైచిలుకు బోర్లు కలిస్తే ఏడాదికి ఒక టీఎంసీ. లక్ష బోర్లయితే 35 టీఎంసీలు! పెన్నా మీద ఉన్న మిడ్ పెన్నార్ డ్యామ్ కట్టినప్పటి కెపాసిటీ 5 టీఎంసీల చిల్లర. అంటే గేట్లు లేని, కట్ట లేని, శిలాఫలకం లేని ఏడు మిడ్ పెన్నార్‌లు నేల కింద నడుస్తున్నట్టు. తోడిన దాంట్లో కొంత మళ్లీ పొలంలో ఇంకుతుంది, ఒప్పుకుంటా. కానీ ఎక్కువ భాగం పంట ఆకుల నుంచి గాల్లోకి పోతుంది. పంట పండేదే అలా కదా.

ఇందులో రైతును దొంగలా చూపించడం ఈ స్టోరీ ఉద్దేశం కానే కాదు. వేరుశనగ వాన మీద ఆధారపడి ఏడాది తర్వాత ఏడాది పోతుంటే, చీనీ తోట పెట్టుకుని నాలుగు రూపాయలు చూద్దామనుకున్నవాడు బోరు వేయక ఏం చేస్తాడు? 2004 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. మోటారు ఆన్ చేస్తే ఖర్చు లేదు. అదే ఏడాదుల్లో డ్రిప్ సబ్సిడీలూ ఊపందుకున్నాయి. డ్రిప్ మంచిదే, ఎకరానికి పోసే నీళ్లు తగ్గుతాయి. అయితే ఆదా అయిన నీళ్లు నదికి తిరిగి వెళ్లవు. పక్కన బీడుగా ఉన్న ఇంకో రెండెకరాలకు వెళ్తాయి. పండిన ఎకరాలు పెరిగితే తోడేది మొత్తంగా తగ్గదు. రైతు ఇల్లు నిలబడుతుంది, అది చిన్న విషయం కాదు. కానీ 'డ్రిప్ వల్ల ఇన్ని టీఎంసీలు ఆదా' అని ప్రెస్‌మీట్లలో చెప్పే అంకెలు నదిలో మాత్రం కనిపించవు.

బోర్లకు అడ్డుకట్ట వేయడానికి 2002లోనే వాల్టా చట్టం వచ్చింది. బోరుకు బోరుకు మధ్య దూరం, అనుమతి, రిజిస్ట్రేషన్ అన్నీ అందులో ఉన్నాయి. రాత్రికి రాత్రి రిగ్గు బండి వచ్చి డ్రిల్లింగ్ చేసి వెళ్లిపోయే ఊళ్లో ఆ చట్టం ఎంత పనిచేస్తోందో చెప్పక్కర్లేదు.

ఎగువన ఏం జరుగుతోంది?

ఇక కర్ణాటక సంగతి. పెన్నా, చిత్రావతి, పాపాఘ్ని మూడూ అటు నుంచే వస్తాయి. 1892లో మైసూరు సంస్థానం, మద్రాసు ప్రభుత్వం మధ్య ఒక ఒప్పందం కుదిరింది. లిస్టులో ఉన్న నదుల మీద మద్రాసు ముందస్తు అంగీకారం లేకుండా మైసూరు కొత్త నీటి పనులు మొదలుపెట్టకూడదన్నది దాని సారాంశం. ఆ లిస్టులో ఈ మూడు నదులూ ఉన్నాయి. 2000ల మొదట్లో చిత్రావతి మీద బాగేపల్లి దగ్గర పరగోడు ప్రాజెక్టు విషయంలో రెండు రాష్ట్రాలు తలపడినప్పుడు ఈ పాత కాగితం మళ్లీ బయటికొచ్చింది.

అయితే ఎగువన నీళ్లను తాగింది ఒక్క పెద్ద డ్యామ్ కాదు. ఊరూరా ఉన్న చెరువులు, వాటి కింద వేల బోర్లు. చిక్కబళ్లాపుర, కోలారు జిల్లాల్లో భూగర్భ జలాన్ని ఏటా ఇంకే దానికన్నా ఎక్కువ తోడేస్తున్నారు. వెయ్యి అడుగులు దాటినా నీళ్లు పడని బోర్లు అక్కడ మామూలు విషయం. ద్రాక్ష, కూరగాయలు, పూలు, పాలు... బెంగళూరు మార్కెట్‌కు అవసరమైనవన్నీ ఆ నేల నుంచే వెళ్తాయి.

అక్కడ ఇప్పుడు నీళ్లెలా తెస్తున్నారో తెలిస్తే ఆశ్చర్యపోతారు. బెంగళూరు నగరంలో వాడేసిన మురుగు నీటిని శుద్ధి చేసి, హెబ్బాళ-నాగవార వ్యాలీ ప్రాజెక్టు కింద చిక్కబళ్లాపుర చెరువుల్లోకి పంపుతున్నారు. బెంగళూరు ప్రధానంగా తాగేది కావేరి నీళ్లు. అంటే కావేరి నీళ్లు పంపులెక్కి బెంగళూరు బాత్రూముల దాకా వచ్చి, అక్కడి నుంచి పెన్నా పుట్టిన జిల్లాలో చెరువులు నింపుతున్నాయన్నమాట. ఇది చాలదని పడమటి కనుమల నీళ్లను తూర్పుకు మళ్లించే ఎత్తినహొళె ప్రాజెక్టు మొదటి దశను 2024 సెప్టెంబరులో ప్రారంభించారు. దాని లక్ష్యాల్లో కూడా కోలారు, చిక్కబళ్లాపుర ఉన్నాయి.

సరిహద్దు దాటి ఇటు వస్తే పేరూరు డ్యామ్. 1950ల్లో ఎగువ పెన్నా మీద కట్టింది. భారీ వాన పడిన ఏడాదుల్లో తప్ప దశాబ్దాల పాటు దాంట్లో చెప్పుకోదగ్గ నీళ్లే లేవు. ఆయకట్టు కాగితాల మీద మిగిలింది. చివరికి ఆ డ్యామ్‌కు కూడా కృష్ణా నీళ్లు తేవాలన్నది రాజకీయ హామీ అయింది. నది మీద కట్టిన డ్యామ్‌కు వేరే నది నుంచి నీళ్లు తెచ్చి పోయాల్సి రావడం... ఒక్కసారి ఆలోచించండి.

చెరువులు, చెక్ డ్యామ్‌లు మంచివేగా?

మంచివే. రాయలసీమ బతికిందే చెరువుల మీద. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటి ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించింది. చెరువు కట్టాలంటే ఏ 12 హంగులు ఉండాలి, ఏ 6 దోషాలు ఉండకూడదు అని అందులో చెక్కించారు. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని కూడా ఉంది. ఆ ఆరు దోషాల్లో రెండు ఇప్పుడు చదివితే ఒళ్లు జలదరిస్తుంది. ఒకటి, రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం. రెండోది, నీళ్లు తక్కువ, నేల ఎక్కువ కావడం. 650 ఏళ్ల కిందట చెక్కిన రాయి మీద పెన్నా బేసిన్ ఇవాళ్టి సమస్యలు రెండూ ఉన్నాయి.

చెరువుకీ బోరుకీ తేడా ఏంటంటే, చెరువు నిండితే మరవ పారుతుంది. మిగులు నీళ్లు కింది చెరువుకు, అక్కణ్నుంచి ఏటికి వెళ్తాయి. బోరుకు మరవ లేదు. ఎంత ఇంకినా అది ముందు తన గొయ్యి నింపుకోవాలి. కాబట్టి జలమట్టం పడిపోయిన ఊళ్లో చెక్ డ్యామ్ కడితే ఊరికి లాభం, బోర్లలో నీళ్లు లేస్తాయి. కింద ఉన్న ఊరికి, డ్యామ్‌కు ఆ మేరకు తగ్గుతాయి. చెక్ డ్యామ్ నీళ్లను పుట్టించదు, అవి ఎక్కడ ఇంకాలో మారుస్తుంది. 'నీరు-చెట్టు' లాంటి పథకాల్లో ఎన్ని కట్టారో చెప్పే లెక్కలు ఉంటాయి. వాటి వల్ల కింది చెరువుకు ఎంత తగ్గిందో చెప్పే లెక్క కనపడదు.

ఇంకోటి, ఎండ. వెయ్యి ఎకరాల్లో నీళ్లు పరుచుకున్న చెరువు మీద ఏడాదిలో మీటరున్నర నీరు ఆవిరైపోతే అది 0.2 టీఎంసీ. అలాంటివి ఐదు చెరువులు ఏడాదంతా నిండుగా ఉంటే ఒక టీఎంసీ సూర్యుడికే. లోతు తక్కువగా, పూడిక నిండిపోయిన చెరువుల్లో ఈ నష్టం ఇంకా బాధ పెడుతుంది. నీళ్లు పల్చగా పరుచుకుంటాయి, ఎండ లాగేస్తుంది. పూడిక తీయడం అన్నది ఇలాంటి చోట ఫొటోల కోసం చేసే పని కాదు.

అరువు నీళ్ల మీద నడుస్తున్న నది

పెన్నా పరివాహకంలోకి బయటి నుంచి వచ్చే నీళ్లను ఒక్కసారి వరసగా చూద్దాం. తుంగభద్ర ఎగువ కాలువ నుంచి పెన్నహోబిలం బ్యాలెన్సింగ్ రిజర్వాయర్‌కు, మిడ్ పెన్నార్‌కు. శ్రీశైలం వెనక జలాల నుంచి హంద్రీ-నీవా ఎత్తిపోతలు. పోతిరెడ్డిపాడు నుంచి తెలుగుగంగ, గాలేరు-నగరి. కుందూ నదిలోకి కేసీ కాలువ నుంచి దిగే నీళ్లు. ఇవన్నీ ఏదో ఒక చోట పెన్నా నీళ్లతో కలిసిపోతాయి.

అందుకే కేంద్ర జల సంఘం కొలిచే కేంద్రాల్లో తాడిపత్రి దగ్గర పెన్నాను చూస్తే ఒక కథ, కడప దగ్గర చెన్నూరులో చూస్తే ఇంకో కథ. తాడిపత్రికి దిగువనే గండికోటలోకి కృష్ణా నీళ్లు చేరతాయి, ఆ తర్వాత కుందూ కలుస్తుంది. చెన్నూరులో నీళ్లు కనిపించాయి కాబట్టి పెన్నా బాగుందని అనుకుంటే అది పొరపాటు. నది సొంతంగా ఎంత పారుతోందో తెలియాలంటే కొలిచిన ప్రవాహానికి పైన వాడుకున్నది, నిల్వ చేసింది, ఆవిరైంది కలపాలి. బయటి నుంచి వచ్చింది తీసేయాలి. పొలాల నుంచి తిరిగి వచ్చిన నీళ్లు కూడా సరిచూడాలి. కూడికలు, తీసివేతలే. కానీ బోర్ల లెక్క సరిగా లేకపోతే ఆ కూడిక కుదరదు.

ఈ అరువు నీళ్లు గ్యారంటీ కూడా కాదు. తుంగభద్ర డ్యామ్ కట్టినప్పుడు 133 టీఎంసీలు పట్టేది, పూడిక వల్ల ఇప్పుడు 105 చిల్లరకు పడిపోయింది. బచావత్ ట్రిబ్యునల్ ఎగువ కాలువ కింద ఏపీకి 32.5 టీఎంసీలు ఇచ్చినా, పూడిక పెరిగేకొద్దీ ఆ వాటా కోత పడుతూనే ఉంది. 2024 ఆగస్టు 10న ఆ డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు అనంతపురం జిల్లాలో జనం ఎందుకు అంత కంగారు పడ్డారో ఇప్పుడు అర్థమవుతుంది. ఎక్కడో హోస్పేట దగ్గర గేటు పోతే ఇక్కడ పెన్నా డ్యామ్‌లు ఖాళీ అవుతాయి.

శ్రీశైలం వైపు పరిస్థితీ అంతే. పూర్తి మట్టం 885 అడుగులు. పోతిరెడ్డిపాడు నుంచి చెప్పుకోదగ్గ నీళ్లు తీయాలంటే 854 అడుగులైనా ఉండాలి. 2023 వానాకాలంలో కృష్ణాలో వరద బాగా తగ్గింది, శ్రీశైలం నిండలేదు. అలాంటి ఏడాది వస్తే 44 వేల క్యూసెక్కుల కెపాసిటీ ఉన్న హెడ్ రెగ్యులేటర్ ఉన్నా ఏం లాభం?

నెల్లూరు దాకా వస్తే

కిందికి వస్తే సోమశిల, 78 టీఎంసీలు. దాని పక్కన కండలేరు, 68 టీఎంసీలు. ఇక్కడి నుంచి తెలుగుగంగ ద్వారా చెన్నైకి తాగునీరు వెళ్తుంది. 1983 ఒప్పందం ప్రకారం మహారాష్ట్ర, కర్ణాటక, ఏపీ తలా 5 టీఎంసీలు ఇచ్చిన 15లో, దారి నష్టాలు పోను 12 టీఎంసీలు చెన్నైకి చేరాలి. చాలా ఏడాదుల్లో అంత చేరలేదు. అంటే నీళ్ల కోసం అల్లాడే బేసిన్ మీదుగానే ఒక మహానగరానికి నీళ్లు వెళ్లాలి.

నెల్లూరు డెల్టా ఆయకట్టు 2.47 లక్షల ఎకరాలు. 1850ల నాటి నెల్లూరు ఆనకట్ట, తర్వాత వచ్చిన సంగం ఆనకట్ట మీద పెరిగిన వరి పొలాలివి. వీటి స్థానంలో కట్టిన కొత్త బ్యారేజీలు రెండూ 2022 సెప్టెంబరులో ప్రారంభమయ్యాయి. ఒక పంట వరికి 120 సెంటీమీటర్ల నీళ్లు అనుకుంటే, వాన సాయం లేకుండా ఈ ఆయకట్టుకు 42 టీఎంసీలు కావాలి. కోటి మందికి రోజుకు తలా 100 లీటర్లు ఇస్తే ఏడాదికి అయ్యేది 13 టీఎంసీలే. తాగునీటి పేరు చెప్పి ప్రాజెక్టులు కట్టినా, నదిని నిజంగా తాగేది పొలమే అని ఈ రెండు అంకెలు చెప్తాయి. అది అన్నం పెట్టే పొలం కాబట్టే ఈ మాట మాట్లాడటం ఎవరికీ ఇష్టం ఉండదు.

ఇంత జరిగాక సముద్రానికి మిగిలేది వరద రోజుల్లో పారే నీళ్లు మాత్రమే. మిగతా రోజుల్లో నది నోట్లో ఇసుక, పాయల్లో ఉప్పునీళ్లు. తియ్యటి నీటి తోపు లేకపోతే తీరం వెంట భూగర్భంలోకి ఉప్పు ఎక్కుతుంది. డ్యామ్‌లు ఇసుకను పైనే ఆపేస్తే తీరానికి కొత్త ఇసుక చేరదు. కింద ఉన్న పాత ఇసుకనేమో లారీలు ఎత్తుకుపోతాయి. ఆ ఇసుకే ఏటికి స్పాంజి లాంటిది, ఊట దాచుకునేది దాంట్లోనే. నదిలో కనీసం ఇంత నీరు వదలాలని కేంద్రం 2018లో ఎగువ గంగకు నోటిఫికేషన్ ఇచ్చింది. పెన్నాకు అలాంటిదేమీ లేదు.

అలాగని ఇది చచ్చిన నది కాదు. 2021 నవంబరు గుర్తుందా? చెయ్యేరు మీద అన్నమయ్య డ్యామ్ కట్ట 19వ తేదీన తెగి ఊళ్లను ఊడ్చేసింది, ప్రాణాలు పోయాయి. కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలింది. నెల్లూరు దగ్గర హైవే తెగింది, పడుగుపాడులో రైలు పట్టాలు గాల్లో వేలాడాయి. ఏళ్ల తరబడి ఎండిన ఏట్లో ఇళ్లు కట్టుకోవచ్చని, పంట వేసుకోవచ్చని అనుకుంటాం. మనం తోడేసేది రోజువారీ పారే సన్నటి ప్రవాహాన్ని. పెద్ద వరదను ఏ బోరూ ఆపలేదు. అందుకే కరువు, వరద రెండూ ఒకే నదిలో, కొన్నిసార్లు ఒకే ఏడాదిలో చూస్తున్నాం.

ఇప్పుడెందుకు ఈ గొడవ?

2025 జులైలో మల్యాల దగ్గర హంద్రీ-నీవా విస్తరించిన కాలువకు నీళ్లు వదిలారు. ఆగస్టు చివరికి కృష్ణా నీళ్లు కుప్పం చేరాయి. సీమలో అది పండగే, కాదనలేం. అదే వేసవిలో గోదావరి నుంచి 200 టీఎంసీలు బనకచర్లకు తెస్తామన్న ప్రాజెక్టు మీద రెండు తెలుగు రాష్ట్రాలు తలపడ్డాయి. కేంద్ర పర్యావరణ శాఖ నిపుణుల కమిటీ ఆ ప్రతిపాదనను వెనక్కి పంపింది. ఇంకోవైపు ఏపీ, తెలంగాణ మధ్య కృష్ణా వాటాలు తేల్చమని 2023 అక్టోబరులో కేంద్రం ఇచ్చిన కొత్త విధివిధానాల మీద బ్రిజేశ్‌కుమార్ ట్రిబ్యునల్ ముందు వాదనలు మొదలయ్యాయి. కృష్ణా పరివాహకంలో ఉన్న మా నేలకు ముందు ఇచ్చి, ఆ తర్వాత బయటి బేసిన్‌కు ఇవ్వాలన్నది తెలంగాణ మాట. పెన్నా బేసిన్ అంటే సరిగ్గా ఆ 'బయటి బేసిన్'. దేశంలోనే అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో ఒకటైన సీమకు వేరే దిక్కేముందన్నది ఏపీ మాట. రెండు మాటల్లోనూ బలం ఉంది. హంద్రీ-నీవా, గాలేరు-నగరి లాంటివి మొదట కట్టింది మాత్రం వరద నీళ్ల మీద, మిగులు మీద. మిగులు మీద పెట్టుకున్న తోటలకు, ట్రిబ్యునల్ తీర్పు ఎటు వచ్చినా, నిలకడైన వాటా దొరకడం అంత తేలిక కాదు.

నాకు ఇబ్బందిగా అనిపించేది ఒకటే. బయటి నుంచి ఎన్ని టీఎంసీలు తేవాలన్న దాని మీద డిబేట్లు గంటల కొద్దీ నడుస్తాయి, మా ఛానెళ్లలో కూడా. వచ్చిన నీళ్లు చెరువులో పడి, బోర్లలో ఇంకి, ఏ పంటకు పోతున్నాయో ఆరా తీసే డిబేట్ మాత్రం ఒక్కటీ ఉండదు. కాలువ వచ్చిన ఊళ్లో ఆ ఏడాదే కొత్త బోర్లు పడతాయి. చీనీ పక్కన అరటి, మడిలో వరి వస్తాయి. నాలుగేళ్లకు కాలువ నీళ్లు కూడా చాలట్లేదని మళ్లీ ధర్నా మొదలవుతుంది.

మీ మండలంలో భూగర్భ జలం ఎంత లోతులో ఉందో తెలుసుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. ఏపీ జలవనరుల సమాచార వ్యవస్థ, అంటే ఏపీడబ్ల్యూఆర్‌ఐఎంఎస్ వెబ్‌సైట్‌లో రిజర్వాయర్ల మట్టాలతో పాటు భూగర్భ జలమట్టాల వివరాలూ ఉంటాయి. ఫోన్‌లోనే ఓపెన్ అవుతుంది. పెన్నా ఒడ్డున ఉన్న మండలాన్ని సెలెక్ట్ చేసి, వానాకాలం ముందు ఎంత ఉంది, తర్వాత ఎంత ఉంది అని పక్కపక్కన పెట్టి చూడండి. వాన తర్వాత కూడా మట్టం ఏటి అడుగు దాకా లేవకపోతే, ఆ ఏడాది అక్కడ ఏరు తనంతట తాను పారలేదన్నట్టే. కాలువలో కృష్ణా నీళ్లు పారుతూ ఉన్నా సరే.